చేతులు కట్టేసిన ఆ రాత్రి గురించి

ప్రశ్న: మేడమ్ గారూ, నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆర్థో, సర్జికల్ కలిసిన వార్డుకి ఇన్‌చార్జి సిస్టర్‌ని. 24 పడకలు. సగానికి పైగా అరవై దాటినవాళ్ళే ఉంటారు. పోయిన నెలలో తుంటి ఎముక ఆపరేషన్ అయిన 78 ఏళ్ళ పెద్దాయన రెండో రాత్రి "ఇంటికి పోవాలి, గేదెలకి నీళ్ళు పెట్టాలి" అంటూ సెలైన్ పీకేసుకుని మంచం దిగబోయారు. డ్యూటీలో ఇద్దరే అమ్మాయిలు. ఒకమ్మాయి వేరే పేషెంటు దగ్గర ఉంది. రెండో అమ్మాయి ఉద్యోగంలో చేరి పది నెలలే అయింది. ఆయన పడిపోతారన్న భయంతో బ్యాండేజీ గుడ్డతో చేతులు రెయిలింగుకి కట్టింది. రాత్రి తొమ్మిది దాటాక అటెండెంట్లని కింద హాల్లోకి పంపేస్తాం. పొద్దున్న కొడుకు పైకి వచ్చి వాచిన మణికట్లు చూసి, వీడియో తీసి, వార్డంతా అదిరేలా అరిచాడు. యాజమాన్యం ఆ అమ్మాయికి మెమో ఇచ్చింది. మా అందరికీ వృద్ధులతో ప్రేమగా మెలగడం గురించి గంటసేపు క్లాసు పెట్టించింది. ఆ అమ్మాయి రాజీనామా రాసి నా టేబుల్ మీద పెట్టింది. నేనింకా పైకి పంపలేదు. తప్పు ఎవరిది? నా దగ్గర పనిచేసే నర్సు పిల్లలకి నేనెలా అండగా ఉండాలి?
– ఒక ఇన్‌చార్జి సిస్టర్

జవాబు: అమ్మా, ఆ రాజీనామా కాగితం ఇంకో పది రోజులు మీ సొరుగులోనే ఉంచండి. ఈలోగా ఆ అమ్మాయిని ఒక పూట విడిగా కూర్చోబెట్టుకుని, ఆ రాత్రి ఏం జరిగిందో మొదటినుంచి చివరిదాకా ఆమె నోటితోనే చెప్పించండి. మధ్యలో "అలా ఎందుకు చేశావు" అనకండి. మెమో ఇచ్చినవాళ్ళూ, అరిచినవాళ్ళూ, క్లాసు చెప్పినవాళ్ళూ ఇంతమంది ఉన్నారు గానీ, "ఏం జరిగిందమ్మా" అని ఆమెను ఒక్కరైనా అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు.

తప్పు ఎవరిదన్నారు. చేతులు కట్టడం తప్పే. అది ఆ అమ్మాయికి దాచకుండా చెప్పాలి, లేకపోతే మీరు ఓదార్చినట్టే ఉంటుంది కానీ ఆమెకేమీ అందదు. కట్టేస్తే మనిషి మరింత భయపడతాడు, మరింత గింజుకుంటాడు. గుడ్డ బిగిసి చేతికి రక్తం సరిగా ఆడదు. కట్టిన గుడ్డతోనే రెయిలింగు దాటబోయి పడితే మామూలుగా పడినదానికంటే పెద్ద దెబ్బ తగులుతుంది. పడకుండా ఆపడానికని కట్టేస్తాం గానీ, కట్టడం వల్ల పడటాలు తగ్గుతాయని ఎవరూ చూపించలేకపోయారు.

ఇంతా చెప్పాక ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ అర్ధరాత్రి ఆ పిల్ల చేతిలో బ్యాండేజీ చుట్ట తప్ప ఇంకేముంది? పిలిస్తే వచ్చే మనిషి లేదు. పెద్దాయనని గుర్తుపట్టి మాట్లాడగలిగిన ఒకే ఒక్క మనిషి, ఆ కొడుకు, అదే భవనంలో కింద హాల్లో పడుకుని ఉన్నాడు. అతన్ని కిందకి పంపింది మన రూలే. పైకి పిలవవచ్చని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. ఆమె ప్రేమ లేక కట్టలేదు, భయపడి కట్టింది. అందుకే ఆ గంట క్లాసు మీ పిల్లలకి కష్టం కలిగించి ఉంటుంది. వాళ్ళకి లేనిది ప్రేమ అని తేల్చేసింది కదా అది.

ఇప్పుడు ఆ పెద్దాయనకి ఏమైందో చూద్దాం. మన పెద్దవాళ్ళు దీన్ని "సంధి కొట్టింది" అనేవాళ్ళు. డాక్టర్లు డెలీరియం అంటారు. పొద్దున్న బాగానే మాట్లాడిన మనిషి సాయంత్రానికి మారిపోతాడు, మళ్ళీ ఓ గంట తేరుకుంటాడు, రాత్రికి ఇంకా ముదురుతుంది. మతిమరుపు జబ్బు నెలలూ సంవత్సరాల మీద వస్తే, ఇది గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. బంధువులు "ముసలితనం, చాదస్తం" అంటారు. మనం "బెడ్ నంబర్ ఏడు గోల చేస్తున్నాడు" అంటాం. రెండూ పొరపాటే. సంధి అంటే ఒంట్లో ఏదో జరుగుతోందని. జ్వరం వస్తే కారణం వెతుకుతాం కదా, దీనికీ అలాగే వెతకాలి.

తుంటి ఆపరేషన్ అయిన రెండో రాత్రి ఆ కారణం ఏమైనా కావచ్చు. షుగర్ ఉన్న మనిషైతే ముందు గ్లూకోమీటరు పట్టుకెళ్ళాలి, తగ్గిందేమో. వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టాలి. నొప్పి ఉందేమో చూడాలి. అయోమయంలో ఉన్న మనిషి "నొప్పి" అనడు, మొహం చిట్లిస్తాడు, మూలుగుతాడు, ముట్టుకుంటే చెయ్యి తోసేస్తాడు. పొత్తికడుపు చేత్తో తడిమి చూడాలి. ప్రోస్టేట్ పెరిగిన మగవాళ్ళకి మూత్రం ఆగి బిగిసిపోతే మంచం దిగి పరిగెత్తాలనిపిస్తుంది, ఎందుకో చెప్పలేరు. మోషన్ ఎన్ని రోజులైంది? బీపీకి నీరు పోయే మాత్ర వాడేవాళ్ళయితే రక్తంలో సోడియం ఎంతుంది? ఇన్ఫెక్షన్ ఉందా? ఇవన్నీ ఆ అమ్మాయి ఒక్కతే తేల్చాల్సినవి కావు. కానీ డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేసి "పేషెంట్ కోఆపరేట్ చేయట్లేదు సార్" అనడానికీ, "పొద్దున్న బాగానే ఉన్నారు, ఎనిమిది నుంచి అయోమయంగా ఉన్నారు, షుగర్ ఇంత, సాచురేషన్ ఇంత, సాయంత్రం నుంచి యూరిన్ పాస్ చేయలేదు, సంధి అనుకుంటున్నాను, వచ్చి చూడండి" అనడానికీ చాలా తేడా ఉంది. మొదటి మాటకి ఫోన్లోనే నిద్ర ఇంజెక్షన్ రాస్తారు. రెండో మాటకి మనిషి లేచి వస్తాడు.

మందుల దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. దురదకో రియాక్షన్ రాకూడదనో పెట్టే అవిల్, వాంతికి ఫెనర్గాన్, నిద్రకి ఆల్ప్రజోలం, ఇవి వయసు మళ్ళినవాళ్ళకి అయోమయాన్ని తెచ్చిపెడతాయి, ఉంటే పెంచుతాయి. నర్సు మందు మార్చలేదు. కానీ "సార్, ఈయనకి 78, ఇది వేయమంటారా?" అని అడగవచ్చు. అలా అడిగిన పిల్లని డాక్టరు కసిరితే, ఆమె పక్కన నిలబడాల్సింది మీరు. దీనికి తిరుగువైపు కూడా ఉంది. రోజూ సారా గానీ కల్లు గానీ పడే అలవాటున్న మనిషిని అడ్మిట్ చేస్తే, అది ఆగిన రెండో మూడో రోజుకి చేతులు వణికి, చెమటలు పట్టి, లేనివి కనిపిస్తున్నాయంటాడు. అదీ సంధే, కానీ దానికి వైద్యం వేరు. ఏళ్ళ తరబడి వేసుకుంటున్న నిద్రమాత్ర ఒక్కసారిగా ఆగిపోయినా అంతే. కాబట్టి అడ్మిషన్ రోజునే, కోడలి ముందు కాకుండా పక్కకి పిలిచి, ఈ రెండూ అడగాలి.

నేనూ ఇలాంటి తప్పు ఒకటి మోస్తున్నాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏట మా వార్డులో ఒక అవ్వ ఉండేది. కళ్ళు మూసుకుని పడుకునేది, ఒక్క మాట అనేది కాదు, ఏదీ అడిగేది కాదు. "ఎంత మంచి పేషెంటో" అని అందరం అనుకున్నాం. నేను కూడా అన్నాను. మూడో రోజు ఆమె న్యుమోనియా మాకందరికీ అర్థమయ్యేసరికి చేయిదాటిపోయింది. అరిచే సంధి ఒకటైతే అరవని సంధి ఇంకొకటి. అరవనిది ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే దాని గురించి ఎవరూ ఫోన్ చేయరు. గోల చేసే పెద్దాయన దగ్గరికి పరిగెత్తే అలవాటు అందరికీ ఉంటుంది. అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకున్న పెద్దామె దగ్గర ఆగి, భుజం తట్టి, పేరు పెట్టి పిలిచి, జవాబు ఎంత నెమ్మదిగా వస్తోందో చూసే అలవాటు మీ పిల్లలకి చేయించండి.

గుర్తుపట్టడానికి ఎడిన్‌బరోలో తయారుచేసిన 4ఏటీ అనే చిన్న పరీక్ష ఉంది. రెండు నిమిషాలు పట్టదు, డబ్బు కట్టక్కర్లేదు. మనిషి మెలకువ ఎలా ఉంది, వయసు, పుట్టినతేదీ, ఎక్కడున్నారు, ఏ సంవత్సరం అని నాలుగు ప్రశ్నలు, నెలలు వెనకనుంచి చెప్పడం, ఈమధ్య మార్పు ఏమైనా వచ్చిందా అన్నది. తేడా కనిపించినచోట మార్కులు పడతాయి, మొత్తం నాలుగు మార్కులు గానీ అంతకు మించి గానీ వస్తే సంధి అయ్యే అవకాశం ఉందని డాక్టరుని పిలవాలి. మన ఊళ్ళలో దీన్ని కాస్త చూసి వాడాలి. పుట్టినతేదీ తెలియని పెద్దవాళ్ళు మనకి ఎంతమందో. "మా అమ్మ చెప్పేది, పెద్ద తుఫాను వచ్చిన ఏడు పుట్టానని" అంటారు. అది అయోమయం కాదు. డిసెంబరు నుంచి వెనక్కి చెప్పమంటే బడికి వెళ్ళనివాళ్ళు నిన్న కూడా చెప్పలేరు, ఇవాళా చెప్పలేరు. వాళ్ళని శనివారం నుంచి వెనక్కి వారాలు చెప్పమనండి. అసలు పరీక్షలో ఉన్నది అది కాదు కాబట్టి మార్కులు వేయకండి, మనసు ఒకచోట నిలుస్తోందో లేదో చూడటానికి మాత్రం పనికొస్తుంది. అన్నిటికంటే గట్టి ప్రశ్న ఇంటివాళ్ళని అడిగేది: "నిన్నటికీ ఇవాళ్టికీ మనిషిలో తేడా ఏమైనా కనిపిస్తోందా?" కూతురు "అవును, ఏదోలా ఉన్నాడు" అంటే ఆ మాటని కేస్ షీట్‌లో రాయించండి.

ఇక మీరు అడిగిన అండ గురించి. అమెరికాలో అప్పట్లో యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న షారన్ ఇనోయే అనే డాక్టరు 70 దాటిన 852 మంది ఇన్‌పేషెంట్ల మీద ఒక పని చేసి 1999లో ప్రచురించారు. కొత్త మందు ఏదీ లేదు. రోజూ మనిషి దగ్గరికి వెళ్ళి ఇవాళ ఏ వారమో, ఎక్కడున్నారో చెప్పడం, కళ్ళజోడు పెట్టించడం, చెవి మిషన్ తగిలించడం, నీళ్ళు తాగించడం, రోజుకి మూడుసార్లు నడిపించడమో కాళ్ళూ చేతులూ ఆడించడమో, రాత్రి నిద్రమాత్రకి బదులు వేడి పాలు, వార్డులో చప్పుడు తగ్గించడం. మామూలు వార్డుల్లో నూటికి 15 మందికి సంధి వస్తే, ఇలా చూసుకున్నచోట పదిమందికి కాస్త తక్కువగా, 9.9 శాతానికి వచ్చింది. ఒకసారి వచ్చాక మాత్రం దాని తీవ్రత పెద్దగా తగ్గలేదు. అంటే పని అంతా రాకముందే ఉంది.

ఆ పనుల్లో చాలావాటిని అక్కడ వాలంటీర్లకి నేర్పించి చేయించారు. మనుషుల్ని వెతికి, శిక్షణ ఇచ్చి తెచ్చుకున్నారు. మన ఆసుపత్రుల్లో ఆ వెతుకులాట అక్కర్లేదు. పగలంతా ప్రతి మంచం పక్కన స్టూలు మీద ఒక మనిషి కూర్చునే ఉంటారు, కొడుకో కోడలో మనవడో. మనం వాళ్ళకి చెప్పేది "బిల్లు కట్టి రండి, మందులు తెండి, పక్కకి జరగండి", అంతే. రాత్రయితే కిందకి పంపేస్తాం. వాళ్ళేమో ఏం చేయాలో తెలియక ఫోన్ చూసుకుంటారు, టెన్షన్ పడతారు, చివరికి నర్సుల మీద అరుస్తారు. అరవై ఏళ్ళు దాటిన ప్రతి పేషెంటు అటెండెంటుకి అడ్మిషన్ రోజే నాలుగు పనులు అప్పగించండి. కళ్ళజోడు, పళ్ళసెట్టు, చెవి మిషన్ ఇంటినుంచి తేవాలి. గంటకోసారి రెండు గుక్కల నీళ్ళు పట్టాలి, డాక్టరు వద్దన్నవాళ్ళకి తప్ప. పొద్దున్న లేవగానే వారం, ఊరు, ఆసుపత్రి పేరు చెప్పాలి. మనిషిలో మార్పు కనిపిస్తే మాకు వెంటనే చెప్పాలి. సంధి ఉన్నవాళ్ళ దగ్గర ఒకరిని రాత్రంతా ఉండనివ్వమని మీ సూపరింటెండెంటుతో మాట్లాడి రాతపూర్వకంగా తీసుకోండి. నా లెక్కలో మీ వార్డులో మారాల్సిన మొట్టమొదటి రూల్ ఇదే. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

గేదెల మాట గుర్తుందా? "ఇది ఆసుపత్రి, గేదెలు లేవిక్కడ, పడుకోండి" అంటే ఆయన ఇంకా లేస్తారు. "ఎన్ని గేదెలు బాబాయ్ మీకు? పాలు ఎవరు పితుకుతారు? ఇవాళ మీ అబ్బాయి నీళ్ళు పెట్టాడంట" అంటే ఓ ఐదు నిమిషాలు కూర్చుంటారు. ఆ ఐదు నిమిషాల్లో సెలైన్ స్టాండు కంటికి కనిపించకుండా తలవైపుకి జరపవచ్చు, చేతికి సెలైన్ ఎక్కించే కాన్యులా మీద పొడుగు చేతి చొక్కా దించవచ్చు, లైటు కాస్త వెలుతురు ఉండేలా పెట్టవచ్చు, కొడుక్కి ఫోన్ చేయవచ్చు. ఇంకా ముఖ్యమైనది, నోటితో తాగుతున్న మనిషికి ఆ సెలైన్ అసలింకా అవసరమా అని డాక్టరుని అడగవచ్చు. యూరిన్ పైపు కూడా అంతే, ప్రతి పూటా "ఇది ఇంకా ఎందుకు ఉంది?" అని అడగాలి. మీ పిల్లల్లో వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళుంటే వాళ్ళకి ఇలాంటి పది తెలుగు మాటలు, మీ ప్రాంతం యాసలో, మీరే నేర్పండి. "కళ్ళు తిరుగుతున్నాయి", "గుండె దడగా ఉంది", "ఒళ్ళు తూలుతోంది" అంటే ఏమిటో తెలియక తల ఊపి వెళ్ళిపోయిన అమ్మాయిల్ని చూశాను. పాపం వాళ్ళ తప్పేముంది.

షిఫ్ట్ మారేటప్పుడు హ్యాండోవర్‌లో ప్రతి పెద్దవయసు పేషెంటుకి ఆరు మాటలు చెప్పుకోమనండి: నిద్ర, తిండి, మూత్రం-మోషన్, మతి, పడే ప్రమాదం, చర్మం. టెర్రీ ఫుల్మర్ అనే అమెరికన్ నర్సు ఎప్పుడో చెప్పినవే ఇవి. ఒక్కో మనిషికి అర నిమిషం. ఆ రోజు సాయంత్రం హ్యాండోవర్‌లో "మధ్యాహ్నం నుంచి కాస్త తికమకగా మాట్లాడుతున్నారు" అన్న ఒక్క మాట పడి ఉంటే మీ అమ్మాయి రాత్రి సిద్ధంగా ఉండేది.

చర్మం సంగతి, అంటే పడకపుండ్లు రాకుండా చూడటం, త్వరగా చెప్పేస్తాను, మీకు తెలిసిందే. రెండు గంటలకోసారి పక్క మార్చడం, మడమలు పరుపుకి ఆనకుండా దిండు పెట్టడం. మా రోజుల్లో స్పిరిట్, పౌడరు రాసి నడుం మీద గట్టిగా రుద్దేవాళ్ళం, మంచిదనుకుని. ఎర్రబడినచోట అలా రుద్దితే లోపలి కండ ఇంకా దెబ్బతింటుందని తర్వాత తెలిసింది. ఇప్పటికీ కొందరు సీనియర్లు అదే నేర్పిస్తున్నారు, ఆపించండి. మన నలుపు, చామనఛాయ ఒళ్ళలో ఎరుపు కనపడదు కూడా. వేడిగా ఉందా, గట్టిగా ఉందా అని చేత్తో చూడాలి.

మంచం మీద ఉంచేయడం గురించి మాత్రం గట్టిగా చెబుతాను. పడతారని భయపడి మనం పెద్దవాళ్ళని లేవనివ్వం. ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల్నే పదిరోజులు మంచాన ఉంచి చూస్తే కాళ్ళ కండ దాదాపు కిలో తగ్గిందని 2007లో వచ్చిన ఒక అధ్యయనం. జబ్బుతో ఉన్నవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. నడిచి వచ్చిన మనిషిని మనం వీల్‌చైర్లో పంపిస్తున్నాం. డాక్టరు సరేనన్న రోజునుంచి ఫిజియో వచ్చేదాకా చూడకుండా, భోజనానికైనా కుర్చీలో కూర్చోబెట్టండి.

ఇవన్నీ 24 మందికి ఇద్దరు ఎలా చేస్తారని మీ మనసులో ఈపాటికే వచ్చి ఉంటుంది. నిజమే. అమెరికాలో నర్సుల పని మీద పరిశోధన చేసే లిండా ఎయికెన్ బృందం అక్కడి పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల సర్జరీ పేషెంట్లని చూసి 2002లో చెప్పింది: నర్సుకి ఒక్క పేషెంటు పెరిగితే 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతుందని, నర్సులు నలిగిపోవడం 23 శాతం పెరుగుతుందని. ఈ అంకెలు మీ మేనేజ్‌మెంటు ముందు పెట్టండి. మొత్తం స్టాఫ్ పెంచమంటే రేపే ఒప్పుకోరు, నాకు తెలుసు. అందుకని చిన్నగా, ఖచ్చితంగా అడగండి. రాత్రి ఎనిమిది నుంచి రెండు దాకా ఒక అదనపు మనిషి, ఆయా అయినా సరే. వార్డుకి ఒక నర్సుకి వృద్ధుల సంరక్షణలో ప్రత్యేకంగా శిక్షణ. ఈ రెండోదాన్ని 1992లో మొదలైన నిచ్ అనే కార్యక్రమం అమెరికాలో చాలా ఆసుపత్రుల్లో చేయించింది. అందరికీ గంట క్లాసు కంటే, మిగతావాళ్ళు పక్కనే వెళ్ళి అడగగలిగిన ఒక్క మనిషి ఉండటం ఎక్కువ పనిచేస్తుంది. వృద్ధుల వార్డు వేరే ఉండాలిగా అంటారేమో. ఉంటే మంచిదే, కానీ తుంటి విరిగిన పెద్దాయన ఆర్థోకే వస్తారు, హెర్నియా ఉన్న పెద్దాయన సర్జికల్‌కే వస్తారు.

మెమో విషయం. అది వెనక్కి తీసుకోమని మీరు అడగాలి. ఊరికే కాదు. ఆ రాత్రి ఏ గంటకి ఏం జరిగింది, ఎవరు ఎక్కడున్నారు, ఏ మందులు పడ్డాయి, కొడుకు ఎక్కడున్నాడు అని ఒక పేజీ రాసి, పేర్లు లేకుండా, దానితోపాటు అడగండి. ఒక అమ్మాయికి మెమో ఇస్తే మిగతావాళ్ళు నేర్చుకునేది కట్టకూడదని కాదు, కట్టినా కొడుకు వచ్చేలోపు విప్పేయాలని. తర్వాత మీకు ఏదీ తెలియదు. వాళ్ళు తీసుకోకపోతే మీ అభ్యంతరం కూడా ఆమె ఫైల్లో రాతపూర్వకంగా ఉండనివ్వండి.

కొడుకుతో కూడా మాట్లాడండి, డిశ్చార్జి అయిపోయినా సరే ఫోన్ చేసి. వాళ్ళ నాన్న ఆ రాత్రి పిచ్చిగా మాట్లాడింది ఎందుకో, అది జబ్బని, మళ్ళీ ఆసుపత్రిలో చేరితే రావచ్చని, అప్పుడు ముందే చెప్పమని. క్షమాపణ వార్డు తరఫున మీరు చెప్పండి, ఆ పిల్లతో చెప్పించకండి.

ఆ అమ్మాయి ఉండాలనుకుంటే, ఆమె మళ్ళీ నైట్ డ్యూటీకి వచ్చే మొదటి రోజున మీరూ పదకొండు దాకా వార్డులో ఉండండి. ఏ పెద్దవాళ్ళు కాస్త తేడాగా ఉన్నారో ఇద్దరూ కలిసి మంచం మంచానికీ తిరిగి చూడండి. ఒకరిద్దరి దగ్గర కూర్చోండి. వెళ్ళేటప్పుడు మీ నంబరు చెప్పి, ఎంత రాత్రయినా చేయమనండి. చేస్తే ఎత్తండి.